కాలిపోయిన రేసు కారు చరిత్రను ఎలా రాయాలి?

2023 ఆగస్టులో కాలిఫోర్నియాలోని మాంటరేలో ఆర్ఎం సదబీస్ సంస్థ జరిపిన వేలంలో ఒక ఫెరారీ 18,75,000 డాలర్లకు అమ్ముడుపోయింది. ఆ వస్తువును కారు అనడానికి నోరు రాదు. అల్యూమినియం బాడీలో కొంత మంటలకు కరిగిపోయింది. మిగిలిన రేకు ముడతలు పడి చినిగిపోయింది. ఆ చిరుగుల్లోంచి లోపలి ఉక్కు గొట్టాలు తుప్పు రంగులో బయటికి కనిపిస్తాయి. మనిషి కూర్చోవడానికి చోటన్నది లేదు. వేలం ఫొటోలను పెద్దవి చేసి చూస్తే ఒకచోట రేకు అంచు కరిగి, బొట్టుగా దిగి, అలాగే గట్టిపడిపోయినట్టు ఉంటుంది. పాత రేసు కార్ల చరిత్రలు చదవడం నాకు చాలాకాలంగా ఉన్న వ్యసనం. ఎన్నో మెరిసే కార్ల ఫొటోలు చూశాను కానీ, ఏ కారు ముందూ నేను ఇంతసేపు ఆగలేదు.

అది 1954 నాటి ఫెరారీ 500 మోండియాల్, ఛాసిస్ నంబరు 0406 ఎండీ. మోండియాల్ అంటే ప్రపంచానికి సంబంధించినది అని. 1952, 53 సంవత్సరాలలో ఫెరారీ డ్రైవరు ఆల్బెర్తో అస్కారీ వరుసగా రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన సందర్భంగా ఫెరారీ ఈ మోడల్‌కు ఆ పేరు పెట్టింది. ఇంజిను రెండు లీటర్లది, నాలుగు సిలిండర్లది. బాడీ పినిన్ ఫరీనా సంస్థ కట్టినది. 1947లో ఫెరారీ కార్లకు తొలి విజయం తెచ్చిపెట్టిన ఫ్రాంకో కోర్తెసే ఈ కారును ఇటలీలో జరిగే మిల్లె మిల్యా రోడ్డు పందెంలో 1954లో నడిపి, మొత్తం మీద 14వ స్థానంలో నిలిచాడు. 1958లో కారు అమెరికా చేరింది. 1960లలో ఒక ప్రమాదంలో కాలిపోయింది. 1978లో ఒక కలెక్టరు చేతికి వచ్చి, ఆయన దగ్గరే 45 ఏళ్లు ఉండిపోయింది. 2004లో ఫ్లోరిడాను చార్లీ తుఫాను కుదిపినప్పుడు ఆయన కార్లు పెట్టిన షెడ్డు కూలింది. ఆ తరువాత మరో చోటికి మారి, చివరికి వేలానికి వచ్చింది.

వేలం క్యాటలాగులో ఇటువంటి వరుస చదివినవారికి చరిత్ర మొత్తం తెలిసిపోయినట్టు అనిపిస్తుంది. నా వాదన ఏమిటంటే, ఈ వరుస చరిత్రలో సగమే. ఒక యజమాని పేరు పక్కన అతని చేతికి ఏ ఇనుము వచ్చిందో, అతని చేతినుంచి ఏ ఇనుము బయటికి పోయిందో కూడా రాస్తేనే అది రేసు కారు చరిత్ర అవుతుంది. కారు తుక్కుగా పడి ఉన్న ఏళ్ల గురించి ఎవరూ పట్టించుకోరు; ఆ ఏళ్లలోనే ఈ లెక్క తప్పుతుంది. అబద్ధాలు కూడా ఎక్కువగా అక్కడినుంచే మొదలవుతాయి.

మా నాన్నగారు దస్తావేజు లేఖరిగా పనిచేశారు. పొలం కొనేవారు వచ్చి కూర్చోగానే ఆయన అడిగే మొదటి మాట, లింకు డాక్యుమెంట్లు ఉన్నాయా అని. అమ్మేవాడికి ఎవరు అమ్మారు, ఆ అమ్మినవాడికి ఎవరినుంచి సంక్రమించింది, మధ్యలో ఒక్క కాగితం లేకపోతే ఆ ఖాళీని ఎవరు పూరిస్తారు అన్నదే ఆయన వృత్తి జీవితమంతా. పాత రేసు కార్ల యాజమాన్య చరిత్రను చాలామంది ఈ పద్ధతిలోనే చూస్తారు. అయితే పొలం ఎన్ని చేతులు మారినా సర్వే నంబరు దగ్గరే ఉంటుంది, దాని హద్దులు ఎక్కడికీ పోవు. రేసు కారు అటువంటిది కాదు. దాని ఇంజిను ఒక ఊళ్లో, గేర్‌బాక్సు మరో ఊళ్లో, ఛాసిస్ ఒకరి పెరట్లో, పత్రాలు ఇంకొకరి బీరువాలో ఉండి, ప్రతి ఒక్కరూ కారు నాదే అనగలరు.

దీనికి కారణం ఆ కార్లు పుట్టిన కాలంలోనే ఉంది. 1950లలో రేసు కారు ఒక పనిముట్టు. రెండు సీజన్లు గడిచేసరికి కొత్త మోడల్ ముందు నిలవలేక పాతబడిపోయేది. దాన్ని చిన్న రేసుల్లో పోటీ చేసేవారు చవకగా కొనేవారు. ఇంజిను చెడిపోతే అసలు ఇంజినుకు విడిభాగాలు ఇటలీనుంచి తెప్పించుకునే స్తోమత చాలామందికి ఉండేది కాదు కాబట్టి, అందుబాటులో ఉన్న మరో ఇంజిను బిగించేవారు. పగిలిన బాడీ రేకు తీసేసి, తమ ఊరి పనివాడి చేత కొత్తది కొట్టించేవారు. తీసేసిన భాగాలు ఎవరికి పోయాయో రాసి పెట్టుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. రావలసిన అవసరమూ లేదు. 0406 ఎండీ విషయమే చూడండి. వేలంలో దానితోపాటు ఇచ్చిన ఇంజిను అది పుట్టినప్పటి రెండు లీటర్ల ఇంజిను కాదు, మూడు లీటర్ల మరో ఫెరారీ ఇంజిను. అంటే ఛాసిస్ యజమానుల వరుస ఒకటి, తొలి ఇంజిను యజమానుల వరుస మరొకటి. వేలం సంస్థ ఈ సంగతి దాచలేదు, కాగితం మీద పెట్టింది. అలా పెట్టడమే మర్యాద.

ఇక అసలు ఆ ఇనుప ముద్ద 0406 ఎండీయే అని ఎలా తెలుస్తుంది? ఇక్కడ లోహం తనంతట తానే సాక్ష్యం చెబుతుంది. అల్యూమినియం దాదాపు 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఉక్కు కరగాలంటే 1,400 డిగ్రీలు దాటాలి. పెట్రోలు మంటలో బాడీ కరిగి కారిపోయినా, దాని కింది ఉక్కు గొట్టాలు వంగుతాయేమో కానీ మిగిలిపోతాయి. వాటి మీద పంచ్ చేసిన నంబరు కూడా మిగులుతుంది. ఆ రోజుల్లో ఫెరారీ రేసు కార్లకు సరి సంఖ్యలు, రోడ్డు కార్లకు బేసి సంఖ్యలు ఇచ్చేది కాబట్టి, నంబరు చూడగానే అది ఏ కోవకు చెందినదో ఒక అంచనాకు రావచ్చు. గేర్‌బాక్సుకూ, వెనుక యాక్సిలుకూ కూడా నంబర్లు ఉండేవి. అవన్నీ ఫ్యాక్టరీలో ఆ కారు పేర రాసిన కాగితంతో సరిపోలితే, ఆ భాగాలు పుట్టినప్పటినుంచి ఒకే కారువన్న మాట నిలబడుతుంది.

నంబరును ఎవరైనా గీకేసి, దాని మీద మరో నంబరు కొట్టినా, లోహానికి జ్ఞాపకం ఉంటుంది. పంచ్ దెబ్బ పడినప్పుడు అంకె కనిపించే గీత కిందనున్న లోహం కూడా కొంత లోతువరకు నొక్కుకుపోతుంది. పైపొరను ఆకురాయితో తీసేసినా ఆ నొక్కుడు కింద ఉంటుంది. ఆ చోట ఆమ్ల ద్రావణం రాస్తే, నొక్కుకుపోయిన లోహం, మామూలు లోహం వేర్వేరుగా తినబడి, పాత అంకె నీడలా పైకి తేలుతుంది. దొంగ బండ్ల కేసుల్లో మన పోలీసు ఫోరెన్సిక్ ప్రయోగశాలలు కూడా ఈ పద్ధతినే వాడతాయి. బండి ట్రాన్స్‌ఫర్ చేయించుకున్నవారికి ఆర్టీవో ఏజెంటు ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి, పెన్సిలుతో రుద్ది అచ్చు తీయడం గుర్తుండే ఉంటుంది. దరఖాస్తు మీద అంటించే ఆ చిన్న కాగితం ముక్కను నేను ఎంతో గౌరవిస్తాను. ఎవరి మాటనూ, ఎవరి సంతకాన్నీ నమ్మక, ఇనుమునే కాగితం మీదికి దింపే పద్ధతి అది.

నంబరు ఒక్కటే చాలదు కూడా. నంబరున్న గొట్టం ముక్కను కోసి మరో ఫ్రేముకు అతికించవచ్చు. ఒకే నంబరు మీద రెండు కార్లు ప్రపంచంలో తిరుగుతున్న సందర్భాలు పాత రేసు కార్ల విషయంలో అరుదు కావు. సాధారణంగా అవి ఇలా పుడతాయి: ప్రమాదం తరువాత ఒక యజమాని పాడైన ఫ్రేమును పక్కన పడేసి, కొత్త ఫ్రేము మీద మిగతా భాగాలు బిగించి కారు నడుపుకుంటాడు, దశాబ్దాల తరువాత ఆ పాడైన ఫ్రేము ఎవరికో దొరుకుతుంది, ఆయన దాన్ని తిన్నగా చేయించి, కొత్త భాగాలతో రెండో కారు కట్టిస్తాడు. ఇద్దరిలో ఎవరూ దొంగ కానక్కరలేదు. కానీ యజమానుల పేర్ల వరుస మాత్రమే రాసుకున్న చరిత్ర వీరి తగవు తీర్చలేదు. ఏ రోజున ఏ ఇనుము ఎవరి చేతిలో ఉందో రాసిన చరిత్ర ఉంటేనే తీరుతుంది.

కాగితాల సంగతి దేశానికో తీరుగా ఉంటుంది. ఇటలీలో 1927నుంచి వాహనాల పబ్లిక్ రిజిస్టరు ఉంది కాబట్టి, అక్కడ నంబరు ప్లేటు వేసుకున్న కారు చేతులు మారిన క్రమాన్ని తేదీలతో సహా తీయవచ్చు. మిల్లె మిల్యా బ్రెషాలో మొదలై రోమ్ వరకు వెళ్లి తిరిగి బ్రెషా చేరే, దాదాపు 1,600 కిలోమీటర్ల మామూలు రోడ్ల మీద జరిగే పందెం. అందువల్ల అందులో పాల్గొన్న రేసు కారుకు కూడా రోడ్డు నంబరు ఉండేది, దాని జాడ రిజిస్టరులో ఉండేది. చరిత్రకారులకు ఇది గొప్ప అదృష్టం. బ్రిటన్‌లో లాగ్‌బుక్కు అనే రిజిస్ట్రేషన్ పుస్తకం మీద వరుస యజమానుల పేర్లు ఉండేవి. అయితే స్థానిక కార్యాలయాలనుంచి రికార్డులు కేంద్ర కంప్యూటరుకు మారిన రోజుల్లో, 1983 ముగిసేలోగా నమోదు చేయించుకోని పాత బండ్ల నంబర్లు జాబితాలోంచి జారిపోయాయి. షెడ్డులో తుక్కుగా పడి ఉన్న కారు యజమాని ఆ గడువును పట్టించుకోకపోవడం సహజమే. సర్క్యూట్ల మీదే తిరిగిన కారుకైతే ఇవేవీ ఉండవు. రేసు ఎంట్రీ జాబితాలు, పత్రికల్లో వచ్చిన ఫొటోలు, కస్టమ్స్ కాగితాలు, మెకానిక్కుల బిల్లులు, ఉత్తరాలే ఆధారం. ఫొటోలో మడ్‌గార్డు దగ్గర కనిపించే ఒక సొట్ట, రివెట్ల వరుసలో ఒక తేడా, కొన్నిసార్లు స్టాంపు కాగితం కంటే గట్టి సాక్ష్యాలవుతాయి.

కాగితం ఒకచోట, ఇనుము మరోచోట ఉంటే ఏమవుతుందో చెప్పడానికి ఫెరారీ 375 ప్లస్, ఛాసిస్ 0384 ఏఎం కథకు మించినది లేదు. ఇదీ 1954 కారే. 4.9 లీటర్ల వీ12 ఇంజిను. ఫ్యాక్టరీ జట్టు తరఫున ఉంబెర్తో మాల్యోలి, ఫ్రొయిలాన్ గొంజాలెజ్ వంటివారు దీన్ని నడిపారు. తరువాత అమెరికాలో జిమ్ కింబర్లీ కొని రేసుల్లో నడిపాడు. 1958లో ఒహాయో రాష్ట్రానికి చెందిన ఒక వ్యక్తి దీన్ని 2,500 డాలర్లకు కొన్నాడు. అప్పటికి కారు కాలి పాడై ఉంది, ఇంజిను కూడా లేదు. ఎప్పటికైనా బాగుచేద్దామని ఆయన దాన్ని తన స్థలంలో ఒక ట్రెయిలరు మీద ఉంచాడు. ఏళ్లు గడిచాయి, 1980ల రెండో సగంలో దాన్ని దొంగలు ఎత్తుకుపోయారు. అట్లాంటా మీదుగా సముద్రం దాటి బెల్జియం చేరిన ఆ ఇనుమును 1990లో జాక్ స్వాటర్స్ కొన్నాడు. స్వాటర్స్ సామాన్యుడు కాదు. ఫ్రాంకోర్షాంప్ రేసింగ్ జట్టును నడిపిన మనిషి, బెల్జియంలో ఫెరారీ పంపిణీదారు. ఆయన కారును పునర్నిర్మించాడు. దొంగతనం సంగతి బయటపడ్డాక ఏళ్ల తరబడి పేచీ నడిచింది. 1999లో 6,25,000 డాలర్ల ఒప్పందం కుదిరిందన్నారు, ఆ ఒప్పందం చెల్లుతుందా అన్నదే మళ్లీ తగవైంది. కారు యూరప్‌లో, దాని పాత భాగాలు కొన్నీ అమెరికాలో యాజమాన్యం చూపే టైటిలు కాగితమూ ఒహాయోలో ఉండిపోయాయి. చివరికి అందరూ కలిసి అమ్మడానికి ఒప్పుకుని, 2014 జూన్‌లో ఇంగ్లండ్‌లోని గుడ్‌వుడ్‌లో బోనమ్స్ సంస్థ వేలంలో 1,07,53,500 పౌండ్లకు అమ్మారు. అయినా కోర్టు వ్యాజ్యాలు ఆగలేదు.

ఈ కథ చెప్పినప్పుడల్లా ఒక ప్రశ్న ఎదురవుతుంది. ముప్పై ఏళ్లు తుప్పు పట్టనిచ్చినవాడికి ఆ కారు మీద ఏం హక్కు ఉంటుంది, దానికి ప్రాణం పోసినవాడిదే కదా అది అంటారు. ఈ మాట వినసొంపుగా ఉంటుంది కాబట్టే దీన్ని గట్టిగా ఖండించాలనిపిస్తుంది. పట్టించుకోకపోవడం వేరు, వదిలేసుకోవడం వేరు. తన స్థలంలో తన వస్తువును వానకు తడవనిచ్చిన మనిషి దాన్ని లోకానికి దానం చేసినట్టు కాదు. మన దేశంలో 1930 నాటి వస్తు విక్రయ చట్టం 27వ సెక్షన్ కూడా ఇదే చెబుతుంది: యజమాని కానివాడినుంచి కొన్నవాడికి, మినహాయింపులుంటే తప్ప, అమ్మినవాడికున్న హక్కును మించిన హక్కు రాదు. బ్రిటిష్ సంప్రదాయం నడిచే దేశాలన్నిటిలోనూ మూలసూత్రం ఇదే. నెపోలియన్ కాలపు సివిల్ కోడు బాటలో నడిచిన బెల్జియం వంటి దేశాల్లో సదుద్దేశంతో కొని స్వాధీనంలో ఉంచుకున్నవాడికి రక్షణ ఎక్కువ. పోగొట్టుకున్నవాడు మూడేళ్ల గడువులో అడగాలి. ఒకే కారు రెండు ఖండాల్లో రెండు న్యాయాల కింద ఇద్దరిది కాగలగడం ఇందువల్లే. చట్టం ఎటు మొగ్గినా, చరిత్ర రాసేవాడు దొంగతనం జరిగిన ఏళ్లను “యూరప్‌కు తరలింది” అన్న ఒక్క ముక్కలో దాటేయకూడదు. దొంగ కూడా ఆ వరుసలో ఒకడే. అతని చేతిలో ఏం వచ్చింది, ఏం పోయింది అన్నది కూడా రాయాలి.

పోగొట్టుకున్న కారు కంటే క్లిష్టమైనది, ఎవరూ దొంగిలించకపోయినా తనంతట తాను మారిపోయిన కారు. దీనికి ఇంగ్లండ్‌లోని బెంట్లీ కంపెనీ రేసు కారు ‘ఓల్డ్ నంబర్ వన్’ సాక్ష్యం. స్పీడ్ సిక్స్ మోడల్‌కు చెందిన ఈ కారు 1929లో ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల పందెం గెలిచింది, నడిపినవారు వూల్ఫ్ బర్నాటో, టిమ్ బిర్కిన్. 1930లో మళ్లీ గెలిచింది. ఈసారి బర్నాటోతో గ్లెన్ కిడ్‌స్టన్ నడిపాడు. బర్నాటో దక్షిణాఫ్రికాలోని కింబర్లీ వజ్రాల గనుల్లో తండ్రి సంపాదించిన డబ్బుతో బెంట్లీ కంపెనీని నిలబెట్టిన మనిషి. కంపెనీ 1931లో దివాలా తీసి రోల్స్ రాయిస్ చేతికి పోయినా, ఈ కారు రేసుల్లో కొనసాగింది. ఆ ఏడాది ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద 500 మైళ్ల పందెం గెలిచినవారిలో ఒకడు జాక్ డన్‌ఫీ. మరుసటి ఏడాది ఎనిమిది లీటర్ల ఇంజినుతో అదే పందెంలో దిగినప్పుడు స్టీరింగ్ జాక్ తమ్ముడు క్లైవ్ చేతిలో ఉంది. 1932 సెప్టెంబరు 24న, వాలుగా లేచిన ఆ కాంక్రీటు ట్రాక్ పైఅంచును చక్రం దాటిపోయింది. కారు అవతలి చెట్లలోకి పడింది. క్లైవ్ చనిపోయాడు.

బర్నాటో ఆ కారును పారేయలేదు. మిగిలిన ఇనుముతో, కొత్త బాడీతో, రోడ్డు మీద నడిచే, పైకప్పున్న కూపే కారుగా మళ్లీ కట్టించాడు. ఆ తరువాత అది చేతులు మారుతూ వచ్చింది. 1990 ఏప్రిల్‌లో దాని అప్పటి యజమాని హబ్బర్డ్, మిడిల్‌బ్రిడ్జ్ సిమిటార్ అనే కంపెనీకి కోటి పౌండ్లకు అమ్మడానికి ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ తరువాత వెనక్కి తగ్గింది. 1929లో గెలిచిన కారు ఇది కాదు, ఆనాటి భాగాలు దీనిలో లేవు కాబట్టి మాకు ఒప్పుకున్న వస్తువు ఇవ్వలేదు అని వాదించింది. కోర్టులో నిపుణులు ఒక్కో భాగాన్నీ పరిశీలించి చెప్పారు. 1929 నాటి లోహం దాదాపు ఏమీ మిగలలేదు, 1930 నాటిది మిగిలినదీ తక్కువే అన్నది తేలింది. అయినా 1990 జూలైలో జస్టిస్ ఆటన్ అమ్మినవాడి పక్షాన తీర్పు ఇచ్చారు. ఫ్యాక్టరీనుంచి వచ్చినది వచ్చినట్టున్న కారుగా దీన్ని చెప్పలేం. కానీ 1929లో రేసింగ్ షాపునుంచి బయటికి వచ్చిన రోజునుంచి నేటివరకు దీని చరిత్రలో తెగిన చోటు లేదు. ఆ పేరు నాదని చెప్పుకోగల కారు లోకంలో ఇంకొకటి లేదు. అమ్మకానికి పెట్టినది లోహంతోపాటు ఆ చరిత్రను, ఆ ప్రతిష్ఠను కూడా అన్నది ఆ తీర్పు సారం.

ఈ తీర్పును తప్పుపట్టేవారి వాదన తేలికగా తీసిపారేయదగినది కాదు. ఇనుము లేనిచోట చరిత్ర ఉందంటే, రేపు ఎవరైనా ఒక నట్టూ బోల్టూ పట్టుకుని కారు మొత్తం నాదే అంటాడు కదా అని వారు అడుగుతారు. నిజమే, ఆ ప్రమాదం ఉంది. అయినా నేను తీర్పునే సమర్థిస్తాను, ఒక షరతుతో. మార్పు ఎప్పుడు, దేనికోసం జరిగిందన్నది చూడాలి. బెంట్లీ జట్టు పందెం గెలవడానికి ఇంజిను మార్చింది, విరిగినచోట కొత్త భాగం వేసింది. బర్నాటో ప్రమాదం తరువాత తిరిగి నడపడానికి కట్టించాడు. ఇవి ఆ కారు బతుకులో జరిగిన మార్పులు. వీటిని చరిత్రనుంచి తీసేస్తే మిగిలేది ఆ కారు చరిత్ర కాదు. కారు విలువ లక్షల పౌండ్లకు పెరిగిన తరువాత, పాత రూపానికి ధర ఎక్కువ పలుకుతుందని, చరిత్రలో జరిగిన మార్పులను చెరిపేసి, కొత్త లోహంతో పాత సంవత్సరాన్ని తయారుచేయడం వేరే సంగతి. మొదటి రకం మార్పు వంద జరిగినా కారు అదే. రెండో రకం మార్పు ఒకటి జరిగినా, దాన్ని దాచితే కొన్నవాడు మోసపోయినట్టే.

ఈ తేడాను కాగితం మీద నిలబెట్టడం సాధ్యమే. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2013లో ప్రకటించిన టూరిన్ చార్టర్ ఇదే దారిలో మాట్లాడుతుంది: వాహనం బతుకులో జరిగిన మార్పులకు విలువ ఇవ్వాలి, చేసిన ప్రతి పనినీ నమోదు చేయాలి, కొత్తగా వేసిన భాగాలను గుర్తుపట్టేలా ఉంచాలి అని. వేలం సంస్థలు క్యాటలాగులో యజమానుల జాబితాకు ఇచ్చినంత చోటు ఈ నమోదుకు కూడా ఇస్తే సగం తగవులు కోర్టుదాకా పోవు. కొనేవాళ్లు అడగరు కాబట్టి ఇవ్వరు. మెరిసే ఎరుపు రంగు చూసి చెయ్యెత్తేవాళ్లు ఉన్నంతకాలం, కింద ఉన్న ఫ్రేము ఏ సంవత్సరంలో ఎక్కడ అతికించారో ఎవరికి కావాలి?

0406 ఎండీని కూడా పునర్నిర్మిస్తారనుకుంటాను. అంత డబ్బు పోసి కొన్నవారికి నడిచే కారు కావాలనిపించడం సహజం, దాన్ని నేను తప్పుపట్టను. ఆ కాలిన రేకును ఒక్కటి కూడా పారేయకుండా దాచాలని మాత్రం కోరుకుంటాను. ఈ రోజు ఆ ఇనుము ఎలా ఉందో కొలతలతో సహా నమోదు చేసి, కొత్త రేకు వెంట ఆ పాత రేకును కూడా తరువాతి యజమానికి అప్పగిస్తే, పునర్నిర్మాణం కూడా ఆ కారు చరిత్రలో ఒక నిజాయితీ గల పుట అవుతుంది.

ప్రమాదాలను కూడా కారు చరిత్రలో ఉంచాలన్న నా పట్టుదలకు మరో కారణం ఉంది. 1955 లె మాన్ పందెంలో లాన్స్ మాక్లిన్ నడుపుతున్న ఆస్టిన్ హీలీ 100ఎస్ వెనుకభాగాన్ని పియెర్ లెవెగ్ మెర్సిడెస్ ఢీకొని గాలిలోకి లేచింది. లెవెగ్‌తోపాటు 80 మందికి పైగా ప్రేక్షకులు చనిపోయారు. ఆ హీలీని ఫ్రెంచ్ అధికారులు స్వాధీనం చేసుకుని, తరువాత తిరిగి ఇచ్చారు. ఫ్యాక్టరీ బాగుచేసి అమ్మేసింది. 1969లో ఒకాయన 155 పౌండ్లకు కొన్న ఆ కారు, బాగుచేయని స్థితిలోనే, 2011 డిసెంబరులో 8,43,000 పౌండ్లకు అమ్ముడుపోయింది. చావుల వల్ల ధర పెరిగిందని బాధపడినవారు ఉన్నారు. నాకూ ఆ అంకె చూసి మనసు కలుక్కుమంది. అయినా ఆ చావులను చరిత్రనుంచి తీసేయడం అంతకంటే ఘోరం. క్లైవ్ డన్‌ఫీ పేరు లేకుండా ఓల్డ్ నంబర్ వన్ కథను లె మాన్ విజయాల కథగా చెప్పేవారు ఆ కారుకూ న్యాయం చేయడం లేదు, ఆ మనిషికీ న్యాయం చేయడం లేదు.

మన దేశంలో ఇది కేవలం చదువుకునే సంగతి కాదు. 2021 జూలైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, అది పదేళ్లు చెల్లుతుంది. పాత బండ్లను తుక్కు చేయకుండా కాపాడే నియమం కాబట్టి దాన్ని మనస్ఫూర్తిగా స్వాగతించాను. అయితే దాని నిర్వచనంలో ఒక షరతు ఉంది. వాహనం మూలరూపంలోనే ఉండాలి, ఛాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజినులో గానీ చెప్పుకోదగిన మార్పు జరిగి ఉండకూడదు. ఈ షరతును అక్షరాలా పాటిస్తే ఓల్డ్ నంబర్ వన్‌కు వింటేజ్ నంబరు రాదు. మూడూ మారిన కారు అది.

ఇక్కడ పాత బండి బతకాలంటే మార్పులు తప్పలేదు. విడిభాగాల దిగుమతి కష్టమైన దశాబ్దాల్లో మన మెకానిక్కులు దొరికిన ఇంజిను బిగించి, రేకు కొట్టి, వెల్డింగ్ చేసి బండ్లను నడిపించారు. ఆ పనిని దోషంగా చూసే షరతు ఉంటే యజమానులు ఏం చేస్తారో ఊహించడం కష్టం కాదు: మార్పు జరగలేదని రాసిస్తారు. షెడ్డులో పాత ఇంజిను ముక్కలు కనబడకుండా పంపించేస్తారు. నిజం చెప్పినవాడికి నంబరు రాకుండా, దాచినవాడికి వచ్చేలా నియమం ఉండకూడదు. మార్పు జరిగిందా లేదా అని అడిగే బదులు, ఏ భాగం ఏ సంవత్సరంలో, ఎవరి యాజమాన్యంలో, ఎందుకు మార్చారో రాయమని ఆ దరఖాస్తులో చోటు ఇవ్వాలి. తీసేసిన భాగం ఇప్పుడు ఎక్కడుందో కూడా అడగాలి. ఛాసిస్ నంబరుకు పెన్సిల్ అచ్చు తీసినట్టే ఇంజినుకూ, గేర్‌బాక్సుకూ తీసి, ఆ దరఖాస్తుకే జతచేయమనాలి.